పాతర తెరిచే రోజు

మన పత్రికలు రోజూ దేనికో ఒకదానికి పాతర వేస్తుంటాయి. నిబంధనలకు పాతర, విలువలకు పాతర, ఎన్నికల హామీలకు పాతర. ఆ మాట వినగానే ఒక గొయ్యి, దానిమీద మట్టి, ఇక ఆ వస్తువు తిరిగి రాదన్న సంగతీ గుర్తొస్తాయి. కానీ అసలు పాతర ధాన్యం దాచుకునే గొయ్యి. అందులో వేసింది మళ్ళీ పైకి తీసి తినడానికే వేసేవాళ్ళు. దాచడం, తీయడం అనే రెండు పనుల్లో మొదటిది మాత్రమే ఇప్పుడు ఆ మాటకి మిగిలింది. మన వంటిళ్ళలో కూడా అదే జరిగిందని నా అనుమానం. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

రాయలసీమలోనూ తెలంగాణ మెట్ట ఊళ్ళలోనూ జొన్నలూ కొర్రలూ పాతరల్లో ఉండేవి. నీరు తగలని గట్టి నేల చూసి, మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా, కుండ ఆకారంలో తవ్వేవాళ్ళు. గోడలకీ అడుగుకీ గడ్డి దట్టంగా పేర్చి, గింజ పోసి, పైన మళ్ళీ గడ్డి పరిచి, మట్టితో మెత్తేసేవాళ్ళు. కొన్నడుగుల లోతుకే నీళ్ళు పడే కోస్తా డెల్టాలో ఇది కుదరదు. అక్కడ గాదెలు, పురులు.

పాతర పనిచేసే తీరు చాలా తెలివైనది. గాలి తగలని చోట గింజలూ వాటితోపాటు లోపలికెళ్ళిన పురుగులూ ఉన్న ఆక్సిజన్‌ని వాడేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పురుగు చస్తుంది. ఇవాళ రైతులకి అమ్ముతున్న గాలి చొరని నిలవ సంచుల వెనక ఉన్నదీ ఇదే సూత్రం. అందుకే పాతర తెరిచీ తెరవగానే లోపలికి దిగితే మనిషి ప్రాణానికే ముప్పు. గాలి మారేదాకా ఆగాలి.

మనకి కావలసిన విషయం ఇంకొకటి ఉంది. ఒకసారి మూత తీస్తే గాలీ తేమా లోపలికి పోతాయి. ఇక ఆ గింజ నిలవదు. రోజుకో మానిక తీసుకుని మళ్ళీ మూసేద్దాం అంటే కుదరదు. తెరిచామంటే మొత్తం తీయాలి. కొంత తిండికి, కొంత విత్తనానికి, కొంత కూలికి, కొంత నాగుకి, అంటే వడ్డీ కూడా ధాన్యంగానే తిరిగొచ్చే అప్పుకి. పాతర వేయడానికి పంట చేతికొస్తే చాలు. తెరవడానికి మాత్రం నిర్ణయం కావాలి. ఏ రోజు, ఎవరెవరికి, ఎంతెంత అన్నది ముందే తేలాలి.

ఇది మంచి పాతకాలం కథ కాదని ఇక్కడే చెప్పేయాలి. ఆ నిర్ణయం ఊరందరిదీ కాదు. పాతర ఉన్నవాడిది. కూలి చేసుకు బతికే ఇంట్లో దాచడానికి గింజలేవీ? ధర ఇంకా పెరుగుతుందనుకుంటే మూత తెరుచుకోదు. 1876-78 కరువుని ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దెబ్బతిన్న ఆ కాలంలోనే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకి వెళ్తూనే ఉంది. రైలుకి ధాన్యం మోసుకొచ్చే శక్తి ఉంది, కొనే శక్తి మనుషులకి లేకపోయింది. కరువు పనులకొచ్చిన మనిషికి రోజుకో పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధపు ధరలు భరించలేక మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల జనం ధాన్యం కొట్లని లూటీ చేశారు. ఆ రెండుసార్లూ ఎక్కడో ఒకచోట నిలవలున్నాయి. తెరిచే అధికారం ఆకలిగా ఉన్నవాళ్ళ చేతిలో లేదు, అంతే.

వంటింటికి వద్దాం. ఇక్కడ ఆ అధికారం ఆడవాళ్ళది. ఆ పని, దాని బరువూ వాళ్ళవే. ఎండాకాలం వస్తే వడియాలు, అప్పడాలు, కొత్త చింతపండు, ఎండుమిర్చి, ఆవకాయ, మాగాయ. వానాకాలంలో కూర దొరకని రోజుల కోసం ఈ ఏర్పాటు. మనం దీన్ని అనాదిగా ఉన్నదనుకుంటాం గానీ, మిరపకాయ ఈ దేశానికొచ్చింది పోర్చుగీసువాళ్ళ తర్వాతే. కాబట్టి మన ఎర్రటి ఆవకాయ వయసు ఐదొందల ఏళ్ళు దాటదు.

ఈ నిలవలన్నిటికీ లోపలే ఒక గడువుంది. జాడీని చూడండి. కొత్త మామిడికాయలొచ్చేసరికి అది ఖాళీ కావాలి, కడగాలి, ఎండలో ఆరాలి. ఖాళీ కాకపోతే ఈ ఏడాది కాయకి చోటు లేదు. బియ్యానికి ఇంకో లెక్క. కొత్త బియ్యం ముద్దవుతాయి, ఏడాది నిలవున్నవి పొడిపొడిగా ఉడుకుతాయి. అందుకే సంక్రాంతి పొంగలికి కొత్తవి, రోజువారీ అన్నానికి పాతవి. ముందొచ్చింది ముందు వెళ్ళాలి అన్న నియమాన్ని మేం ఆఫీసులో క్యూ అంటాం. దాన్ని ఎవరూ గోడమీద రాయక్కర్లేకుండా జాడీ, రుచి, పండుగ కలిసి అమలు చేసేవి.

ఏడాది నిలవలకి జాడీ ఎలాగో ఒక్క రాత్రి నిలవకి చద్ది అలాగ. మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి పొద్దున్నే తినడం, గోదావరి వైపు తరవాణి కుండ, అన్నంతోనే పెట్టే వడియాలు, పుల్లబడిన పెరుగుతో మజ్జిగ పులుసు, బాగా పులిసిన ఇడ్లీ పిండితో పుణుకులు. వీటిని పొదుపు వంటలని ఎవరూ అనలేదు. వీటికి సొంత పేర్లున్నాయి, సొంత రుచులున్నాయి. తెలంగాణలో బతుకమ్మ చివరి రోజు పేరే సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది కలిపి చెరువు గట్టున పంచుకుని తింటారు. పెద్దల మాటని చద్దన్నం మూటతో పోల్చిన భాష మనది. మిగిలిందన్న చిన్నచూపు ఆ పోలికలో లేదు.

మరి చలి ఎప్పుడొచ్చింది? మొదట ఓడలో వచ్చింది. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ మంచుగడ్డలతో కలకత్తా చేరింది. పంపినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి. తర్వాత మద్రాసుకీ వచ్చింది. 1840లలో సముద్రపొడ్డున కట్టిన ఐస్ హౌస్ ఇవాళ వివేకానందుడి పేరుతో ఉంది. ఆ మంచు ఎక్కువగా దొరల గ్లాసుల్లోకే వెళ్ళింది. ఇంకో ఎనభై ఏళ్ళకి క్లారెన్స్ బర్డ్స్ ఐ అనే అమెరికన్ కెనడా తూర్పు తీరాన లాబ్రడార్‌లో, మంచుమీద పట్టిన చేప క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. వేగంగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కండ చిరగదు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అతని ప్యాకెట్లు అమ్మకానికొచ్చాయి. మన దేశంలో గోద్రెజ్ ఫ్రిజ్ తయారుచేసింది 1958లో.

మన ఇళ్ళలో ఫ్రిజ్ వచ్చాక కూడా ఫ్రీజర్ చాలాకాలం ఐస్ ట్రేల అరే. వేసవిలో గంటల తరబడి కరెంటు కోత ఉంటే అందులో రొయ్యలు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? కోతలు తగ్గి, ఇన్వర్టర్లొచ్చి, వారానికోసారి సూపర్ మార్కెట్ అలవాటయ్యాక ఫ్రీజర్ నిజమైన పాతరయింది. ఈ కొత్త పాతరకి మూత ఎన్నిసార్లయినా తీయొచ్చు. కాబట్టి తెరిచే రోజంటూ లేకుండా పోయింది.

మొన్న ఇల్లు మారేముందు మేం ఫ్రీజర్ ఖాళీ చేశాం. కొబ్బరి తురుము, చిక్కుడు గింజలు, మూడు డబ్బాల్లో అల్లం వెల్లుల్లి, అర కిలో బఠాణీ, కవర్లో రొయ్యలు, ఎవరి పెళ్ళిదో బొబ్బట్లు. అలమరలో ఇంకా రెండు రకాల సేమ్యా, సగం సగం పప్పులు. తొమ్మిది రోజులు బయట ఏమీ కొనకుండా తిన్నాం. అప్పుడు గమనించింది ఏమిటంటే, ఫ్రీజర్ క్యూ కాదు, స్టాక్. చివర పెట్టింది ముందు చేతికొస్తుంది, మొదట పెట్టింది అడుగునే ఉంటుంది. పైగా అది మాట్లాడదు. చద్దన్నం పులిసి చెబుతుంది, పెరుగు పుల్లబడి చెబుతుంది, పప్పు పురుగు పట్టి చెబుతుంది. సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి వాసనా రాదు, బూజూ పట్టదు. మెల్లగా ఎండిపోయి రుచి మాత్రం పోతుంది. గుర్తుచేసే పనంతా మన జ్ఞాపకానికే వదిలేసింది.

దీన్ని ఇంటి అశ్రద్ధగా చూస్తే చిన్న విషయమే. దేశం లెక్కన చూస్తే చిన్నది కాదు. 1965లో మొదలైన ఎఫ్‌సీఐ మనందరి గాదె. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకి ఇచ్చిన బియ్యం, ఇలాంటి గోదాముల మూతని పేదవాడి వైపు తెరిచిన నిర్ణయం. కానీ 2001కి వచ్చేసరికి రాజస్థాన్‌లో కరువు, గోదాముల్లో గుట్టలు. పీయూసీఎల్ సుప్రీం కోర్టుకి వెళ్ళింది. ఆ కేసులోనే 2001 నవంబర్ 28న బడిపిల్లలకి వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలన్న ఆదేశం వచ్చింది. 2002 నాటికి ప్రభుత్వ నిలవలు 6 కోట్ల టన్నులు దాటాయి. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టానికి దారి వేసింది ఆ కేసే. పాతర ఎప్పుడు తెరవాలో, ఎవరి కోసం తెరవాలో ధరకీ దయకీ వదలకుండా చట్టంలో రాసుకున్నాం. ఇంతకాలం పాతర యజమాని చేతిలో ఉన్న తెరిచే హక్కు కొంతయినా తినేవాడి చేతికొచ్చింది.

ఇంట్లో అలాంటి చట్టమేమీ అక్కర్లేదు. డబ్బామీద తేదీ రాయడం, కొత్తది అడుగున పెట్టడం, నెలకో వారం సంత మానేయడం లాంటివి చాలు. మా అమ్మ ప్రతి మే నెలలో ఫోన్లో ఒకటే అడుగుతుంది: "పోయినేటి జాడీ అయిందా?" అయిందంటేనే కొత్త ఆవకాయ బస్సెక్కుతుంది.