బుద్ధుడూ, పుడ్డింగూ

కొన్నేళ్ళ కిందట ఆన్‌సైటులో ఉన్నప్పుడు మా టీములో ఓ చైనా అమ్మాయి తనకిష్టమైన పెకింగ్ ఆపెరా వీడియో చూపించింది. రెండు నిమిషాలు బిగబట్టుకుని, తర్వాత ఆపుకోలేక నవ్వేశాను. ఆమె ఏమీ అనలేదు, లాప్‌టాప్ మూసేసింది. వారం పోయాక నేను బాలమురళి గారి ఆలాపన వినిపిస్తే ఓపిగ్గా పది నిమిషాలు విని, "బావుంది, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా నాకు జార్జ్ బర్డ్‌వుడ్ గుర్తొస్తాడు.

1910 జనవరి, లండన్, రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్. ఆ రోజు ఉపన్యాసం ఇ.బి. హావెల్‌ది (మద్రాసులో, ఆ తర్వాత కలకత్తాలో ఆర్ట్స్ స్కూళ్ళు నడిపినాయన). అధ్యక్షుడు బర్డ్‌వుడ్. భారతదేశంలో లలితకళ అనదగ్గది తనకెక్కడా కనబడలేదని చెప్పి, జావా నుంచి వచ్చిన ధ్యానబుద్ధుడి ఫొటో చూపించి, కొవ్వు వేసి ఉడికించిన పుడ్డింగుతో పోల్చాడు.

ఎవడో ఇండియా మొహం చూడని దొర అనుకునేరు. ఈయన 1832లో బెల్గాంలోనే పుట్టాడు. బొంబాయిలో డాక్టరుగా ఏళ్ళ తరబడి పనిచేశాడు. మన నేత, కుండలు, నగలంటే ప్రాణం; 1880లో మన చేతిపనుల మీద పెద్ద పుస్తకమే రాశాడు. మరి ఇంత తెలిసిన మనిషికి బుద్ధుడు ఎందుకు కనబడలేదు?

నాకు తోచిందేంటంటే, మెదడు కెమెరా కాదు. ఏం కనబడబోతోందో ముందే ఒక అంచనా వేసుకుని, కంటికి వచ్చినదాన్ని దాంతో సరిచూసుకుంటుంది. చీర అంచు చూస్తే బర్డ్‌వుడ్ రంగుల పొందిక వెతికాడు, దొరికింది. రాతిలో మనిషి రూపం కనబడగానే మాత్రం చదువుకున్న గ్రీకు శిల్పం అడ్డొచ్చింది: కండలేవి, కదలికేది? నున్నగా, నిశ్చలంగా ఉన్న ఒంట్లో అవేవీ లేవు. అదే కాలంలో గ్రీకు పోలికలున్న గాంధార బుద్ధుళ్ళని చాలామంది యూరోపియన్లు నెత్తిన పెట్టుకున్నారు మరి.

ఇది తెల్లవాళ్ళ జబ్బేం కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు కలకత్తాలో హావెల్ యూరప్ బొమ్మలు తీసేయించి మొఘల్ చిత్రాలు కొనడం మొదలుపెడితే గోల చేసిందెవరనుకున్నారు? మన బెంగాలీ విద్యార్థులే! వాళ్ళ కంటికి అలవాటైంది యూరప్ బొమ్మ. పుట్టిన ఊరు కాదు, పెరిగిన బొమ్మలు ముఖ్యం.

2003లో అమెరికాలో మారిసన్, డెమరెస్ట్ బృందం పాశ్చాత్య సంగీతమూ, చైనా సంగీతమూ వినిపిస్తూ ఎఫ్ఎమ్ఆర్ఐ తీసింది. రెంటికీ మెదడులో పనిచేసిన చోట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ తర్వాత అడిగితే పరాయి సంగీతం తక్కువగా గుర్తుంది. హార్డ్‌వేరు ఒకటే, విన్నది దాచుకోడానికి లోపల అరలు లేవన్నమాట. అలాగని పరాయిది బొత్తిగా ఎక్కదనీ కాదు. 1999లో బాల్క్‌విల్, థాంప్సన్ ప్రచురించిన ప్రయోగంలో హిందుస్తానీ రాగాలు అసలెరగని పాశ్చాత్య శ్రోతలు కూడా సంతోషం, దుఃఖం, కోపం దాదాపు సరిగానే పోల్చారు.

బర్డ్‌వుడ్ మాటకి జవాబు 1910 ఫిబ్రవరి 28న టైమ్స్‌లో వచ్చింది. విలియం రోథెన్‌స్టైన్‌తో సహా 13 మంది కళాకారులు, విమర్శకులు సంతకాలు పెట్టారు. ఆ ఏడే ఇండియా సొసైటీ పుట్టింది. 1912లో టాగూర్ ఇంగ్లీషు గీతాంజలిని మొదట అచ్చేసింది వాళ్ళే. చిత్రం ఏంటంటే, బర్డ్‌వుడ్‌తో పోలిస్తే రోథెన్‌స్టైన్‌కి ఇండియా అసలు తెలీదు. ఆ ఉత్తరం తర్వాతే ఇక్కడికొచ్చి అజంతా చూశాడు.

ఈమధ్య మళ్ళీ ఆ ఆపెరా పెట్టుకు కూచున్నాను. ఎర్రరంగు ముఖం నమ్మకస్తుడికి, తెల్లరంగు కపటికి అని ఈసారి ముందే చదువుకున్నా. మన కథకళిలో పచ్చ వేషంలాగే. తెల్లముఖం వేదికెక్కగానే వీడేదో మోసం చెయ్యబోతున్నాడని తెలిసిపోయింది. గొంతు మాత్రం ఇంకా కొరుకుడు పడలేదు. ఆమెకి ఆ మాటే మెయిల్ రాస్తే, నీ ఆలాపన మళ్ళీ పంపించమంది. పాట ఎక్కడ మొదలవుతుందో నిమిషాలూ సెకన్లతో సహా రాసి పంపాను.