మొవ్వులోనే ప్రాణం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం చెట్టు ఎక్కడి నుంచి పెరుగుతుందో మనిషి ఎలా తెలుసుకున్నాడన్న చరిత్ర రాయదలచాను. ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాకు వృక్షశాస్త్రంతో ఏం పని అని మిత్రులు అనుకోవచ్చు. పని ఉంది. ఒకప్పుడు నా కలం చేసిన పొరపాటు ఏమిటో ఆ చరిత్ర చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

1996 నవంబరు 6 రాత్రి అప్పటి తూర్పు గోదావరి జిల్లాను తుపాను ముంచెత్తిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు నేను సీనియర్ అసిస్టెంటును. నష్టం లెక్కలు రాయడానికి నన్ను ఒక ఊరికి పంపారు. చేతిలో ప్రొఫార్మా. అందులో చెట్లకు మూడే కాలములు: కూలినవి, విరిగినవి, నిలిచినవి.

ఒక మామ్మగారి పెరట్లో పద్నాలుగు చెట్లు నిలబడి ఉన్నాయి. ఆకులు చిరిగినా పచ్చగానే ఉన్నాయి. నేను "నిలిచినవి 14" అని రాస్తుంటే ఆవిడ దగ్గరకు వచ్చి, "అవి నిలబడున్నాయంతేనండి బాబుగారూ. మొవ్వు మెలిపడిపోయిందండి. మొవ్వు పోయాక ఇంకేముందండి?" అంది. నేను పైకి చూశాను. ఆకులు పచ్చగా కనిపించాయి. "పచ్చగానే ఉన్నాయి కదా మామ్మగారూ, పోయాయని నేనెలా రాయను?" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. కొన్ని నెలల తర్వాత అదే దారిన వెళుతుంటే ఆ పెరట్లో తలలు లేని మొండాలు కనిపించాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

2008లో పదవీ విరమణ చేశాను. చాలా ఏళ్ల తర్వాత మా మనుమరాలు ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదువుతూ ఒక పాఠం పైకి చదువుకుంటోంది. అందులో "విభాజ్య కణజాలం" అనే మాట చెవిన పడింది. అదేమిటమ్మా అని అడిగాను. "తాతయ్యా, మొక్క ఒళ్లంతా పెరగదు. కొన్ని చోట్ల ఉండే కణాలు మాత్రమే విడిపోతూ కొత్త కణాలను పుట్టిస్తాయి. ఆ చోట్ల నుంచే పెరుగుతుంది" అంది. ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను.

మొదట మా పాత ఆఫీసు వేపచెట్టు గుర్తుకొచ్చింది. నేను 1972లో ఉద్యోగంలో చేరినప్పుడు దానికి ఛాతీ ఎత్తున "ఇచ్చట ఉమ్మి వేయరాదు" అన్న రేకు మేకులతో కొట్టి ఉండేది. రిటైరయ్యేనాటికి చెట్టు మేడ దాటిపోయింది. రేకు మాత్రం అదే ఎత్తున ఉంది. కాకపోతే దాని అంచులను బెరడు మింగేసింది. ముప్పై ఆరేళ్లు రోజూ చూశాను గాని, కారణం ఆలోచించలేదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల కొనల దగ్గర, వేళ్ల కొనల దగ్గర. లావెక్కేది బెరడు కింద ఉండే పలుచని కణాల పొర వల్ల. మధ్యలో ఉన్న మాను పైకి సాగదు. అందుకే రేకు పైకి పోలేదు.

ఈ సంగతిని మొదట నిశితంగా చూసినవాడు జర్మనీకి చెందిన కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్. విత్తులో మొక్క మొత్తం చిన్న రూపంలో ముందే ఇమిడి ఉంటుందని, అది ఉబ్బి పెద్దదవుతుందని ఆనాడు చాలామంది పండితుల నమ్మకం. వోల్ఫ్ మొగ్గను పొర వెంట పొర ఒలిచి సూక్ష్మదర్శినిలో చూశాడు. అన్నిటికంటే లోపల ఆకులేమీ లేని మెత్తని కొన కనిపించింది. ఆకులు అక్కడ ఒకటి తర్వాత ఒకటి కొత్తగా పుడుతున్నాయి. ఈ సంగతిని 1759లో ప్రకటించాడు. తర్వాత తొంభై తొమ్మిదేళ్లకు, 1858లో, స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ నేగెలీ ఈ కణజాలానికి "మెరిస్టెమ్" అని పేరు పెట్టాడు. విభజింపదగినది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. మన పుస్తకాల్లోని "విభాజ్యం" దానికి సరిగ్గా సరిపోయింది.

ఈ కణజాలం అన్ని మొక్కల్లో ఒకే విధంగా అమరి ఉండదు. గరికకు ఎదిగే చోటు నేలకు దగ్గరగా ఉంటుంది. పశువు పైన మేసినా కింద నుంచి మళ్లీ వస్తుంది. వేపకు కొమ్మ కొన నరికితే పక్క మొగ్గలు మేల్కొని చిగురిస్తాయి. కొబ్బరికి ఈ రెండు వసతులూ లేవు. ఆకు మొదట్లో పుట్టే మొగ్గ పూతగా మారి గెల అవుతుందే గాని కొమ్మ కాదు. వేపకున్నట్లు బెరడు కింద పెరిగే పొర కూడా లేదు. పైకి ఎదగడానికి ఉన్న ఆధారమంతా మొవ్వు లోపల దాగిన ఒకే ఒక్క కొన. అది కుళ్లితే, అంతకుముందు పుట్టిన ఆకులు కొన్ని నెలలు పచ్చగా ఉండి, ఒక్కొక్కటే రాలిపోతాయి. కొత్త ఆకు రాదు. మామ్మగారు చెప్పింది అక్షరాలా ఇదే.

ఆ చిన్న కొనను మొక్క నుంచి వేరు చేసి సీసాలో పెంచవచ్చునా అన్నది తర్వాతి ప్రశ్న. 1902లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హాబర్లాంట్ విడి కణాలను పోషక ద్రవంలో ఉంచి చూశాడు. అవి కొన్ని వారాలు బతికాయి, పరిమాణం పెరిగాయి గాని విడిపోలేదు. ఆయన ఎక్కువగా తీసుకున్నవి ఎదిగిపోయిన ఆకు కణాలు. 1934లో అమెరికాలో ఫిలిప్ వైట్ టొమాటో వేరు కొనలను తీసుకున్నాడు. అవి పెరిగాయి. వాటి కొనలు కోసి కొత్త ద్రవంలో వేస్తే మళ్లీ పెరిగాయి.

ఇక్కడ కోనసీమ వాళ్లు గర్వించదగిన మాట ఒకటి ఉంది. 1941లో వాన్ ఓవర్‌బీక్ అనే శాస్త్రజ్ఞుడు ఉమ్మెత్త పిండాలను సీసాలో పెంచడానికి కొబ్బరి నీళ్లు వాడి ఫలితం సాధించాడు. 1958లో స్టీవర్డ్ బృందం క్యారెట్ దుంప కణాలను కొబ్బరి నీళ్లు కలిపిన ద్రవంలో పెంచి మొక్కలు తీసింది. కణాలను విభజించే ప్రేరకాలు ఆ నీళ్లలో ఉన్నాయి. అటువంటి సైటోకైనిన్లు ఎక్కువైతే చిగుళ్లు, ఆక్సిన్లు ఎక్కువైతే వేళ్లు వస్తాయని స్కూగ్, మిల్లర్ 1957లో చూపారు.

ఫ్రాన్సులో 1952లో మోరెల్, మార్టిన్ అనే ఇద్దరు, వైరస్ సోకిన డాలియా మొక్కల చిగురు కొనలను కోసి పెంచి, తెగులు లేని మొక్కలు సాధించారు. చాలా మొక్కల్లో ఆ కొన మిల్లీమీటరులో కొద్ది భాగమే. తల్లి మొక్క నిండా వైరస్ ఉన్నా అంత లోపలికి అది సాధారణంగా చేరదు. ఈరోజు అనంతపురం, కడప రైతులు నాటే టిష్యూ కల్చర్ అరటి మొక్కలకు ఈ విద్యే మూలం.

అందరికీ నీళ్లు పోసిన కొబ్బరి మాత్రం తాను లొంగలేదు. అరటికి పిలకలున్నాయి, కొబ్బరికి కాయే గతి. దశాబ్దాల ప్రయత్నం తర్వాత 2021లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం వారు, కొబ్బరి లేత మొక్క కొనలో పక్క మొగ్గలను లేపి, ప్రయోగశాలలో ఒకదాని నుంచి పలు మొక్కలు తీసే పద్ధతిని ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు మొదట గుర్తొచ్చింది ఆ పెరడే.

వోల్ఫ్ సూక్ష్మదర్శినితో చూసి చెప్పినదాన్ని మామ్మగారు కిందనుంచి చూసి చెప్పింది. ప్రొఫార్మాలో నాలుగో కాలము లేకపోయినా రిమార్కుల గడి ఉంది. "మొవ్వు పోయినదని యజమాని చెప్పుచున్నారు" అని ఒక్క వాక్యం రాసి ఉంటే పైఅధికారి ఏం చేసేవారో గాని, నా బాధ్యత నేను తీర్చుకున్నవాడినయ్యేవాణ్ణి. ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

మనం పెన్షనర్లం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. దాని మీద సంతకం పెట్టినప్పుడల్లా నాకు ఆ పద్నాలుగు చెట్లు గుర్తుకొస్తాయి. వాటి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది నేను, మొవ్వు చూడకుండా.