హ్యాంగ్ అయిన మౌంట్ ఎవరికోసం ఆగింది?

అమీర్‌పేటలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ చెప్పడం మొదలుపెట్టినప్పుడు పాఠాలు సోలారిస్ మీద నడిచేవి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లు కిక్కిరిశాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో దిగి, పొద్దున్నే బ్యాచ్‌కు నడిచి వచ్చేవారు. డేటా సెంటర్ ఎలా ఉంటుందో వాళ్లలో చాలామంది చూసి ఎరగరు. అయినా ఉద్యోగంలో తొలి నైట్ షిఫ్టుకే పనికొచ్చే విద్య ఇక్కడే అబ్బాలి. అందుకే ఎన్ఎఫ్ఎస్ మౌంట్ హ్యాంగ్ అయితే ఏం చేయాలన్న పాఠానికి నేను ఎక్కువ సమయం ఇచ్చేవాణ్ని.

ఈ హ్యాంగ్ పుట్టుక 1984 నాటిది. ఆ ఏడాది సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్ఎఫ్ఎస్‌ను తెచ్చింది. ఏ క్లయింట్ ఏం చేస్తోందో అప్పటి సర్వర్ గుర్తుపెట్టుకునేది కాదు. సర్వర్ పడిపోతే, అది లేచేదాకా క్లయింటే అడుగుతూ ఉండాలి. దీన్నే హార్డ్ మౌంట్ అంటాం. ‘నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అని లాగ్‌లో పడుతుంది, ప్రాసెస్ డీ స్టేట్‌లోకి పోతుంది. పాత కెర్నెళ్లలో కిల్ మైనస్ 9 కొట్టినా అది చచ్చేది కాదు. విసుగెత్తి సాఫ్ట్ మౌంట్ పెడితే కొంతసేపటికి ఎర్రర్ వచ్చి వదిలేస్తుంది, కానీ ఫైలు సగం రాసి ఆగిపోవచ్చు. డేటా పోకుండా ఉండాలంటే ఆగక తప్పదు.

నాటి ఎన్ఎఫ్ఎస్‌లో భద్రత అంతంతమాత్రం. క్లయింట్ చెప్పిన యూజర్ నంబరునే సర్వర్ నమ్మేది. సొంత మెషీన్‌లో రూట్ ఉన్నవాడు ఎవరి నంబరైనా చెప్పుకోవచ్చు. ఎంఐటీలో 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనా నుంచి వచ్చిన కెర్బరోస్ ఆ లోటు తీర్చింది. 1997లో దాన్ని ఎన్ఎఫ్ఎస్ వాడే ఆర్‌పీసీతో కలిపే పద్ధతి ఖరారైంది. 2000లో వచ్చిన నాలుగో వెర్షన్ ఎన్ఎఫ్ఎస్ ప్రమాణం, కెర్బరోస్ మద్దతు తప్పనిసరి అంది. భద్రత పెరిగింది. దాంతోపాటు మౌంట్ ఎదురుచూడాల్సిన వాళ్లూ పెరిగారు: టికెట్ ఇచ్చే కేడీసీ, పేర్లు చెప్పే డీఎన్ఎస్, గడియారం, క్లయింట్‌లో నడిచే జీఎస్ఎస్‌డీ. వీటిలో ఏది మొరాయించినా నింద ఎన్ఎఫ్ఎస్ మీదే పడుతుంది.

రెడ్‌హ్యాట్ ఏడో వెర్షన్ ఆర్‌హెచ్‌సీఈ పరీక్షలో కెర్బరోస్‌తో ఎన్ఎఫ్ఎస్ షేర్లు ఇవ్వడం ఒక అంశంగా ఉండేది. దాంతో అది మా లైనక్స్ బ్యాచ్‌ల్లోకీ వచ్చింది. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషీన్లు: కేడీసీ, సర్వర్, క్లయింట్. రాత్రి హాస్టల్లో మూత వేసి పొద్దున తెరిస్తే ఒకదాని గడియారం వెనకబడి ఉండేది. కెర్బరోస్ మామూలుగా సహించే తేడా 5 నిమిషాలే. అది దాటితే మౌంట్ కదలదు, లేదా పర్మిషన్ డినైడ్ అంటుంది. పిల్లలు ఫైర్‌వాల్‌తో కుస్తీ పడుతుంటే నేను అడిగే మొదటి మాట: ‘డేట్ కొట్టి చూశావా నాన్నా?’

బోర్డు మీద నేను రాయించిన వరస ఇదీ. ముందు డీఎఫ్ కొట్టొద్దు, ప్రతి మౌంట్‌నూ పలకరించబోయి అదీ ఆగిపోతుంది. ప్రాక్ మౌంట్స్ ఫైలు చదవండి, దానికి సర్వర్‌తో పనిలేదు. తర్వాత 2049 పోర్టు తెరిచి ఉందా చూడండి. ఫైర్‌వాల్ రిజెక్ట్ చేస్తే వెంటనే ఎర్రర్ వస్తుంది, డ్రాప్ చేస్తే హ్యాంగే. సర్వర్ ఒప్పుకుంటే కెర్బరోస్ లేకుండా, సెక్ ఈక్వల్స్ సిస్ అని మౌంట్ చేసి చూడండి. అది పనిచేస్తే నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు. ఇక గడియారం, సర్వర్ పేరు రెండు వైపులా ఒకటేనా, కీట్యాబ్, జీఎస్ఎస్‌డీ లాగ్. రాత్రంతా నడిచే జాబ్ మధ్యలో ఆగితే టికెట్ గడువు చూడండి. లేజీ అన్‌మౌంట్ ఆఖరి మాట. అది మౌంట్‌ను కళ్లముందు నుంచి తీసేస్తుంది గానీ కారణాన్ని తీయదు.

సన్ కంపెనీ 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయింది. బోర్డుల మీద ఇప్పుడు డెవాప్స్, క్లౌడ్ అన్న పేర్లున్నాయి. కుబర్‌నెటీస్‌లో పాడ్ టెర్మినేటింగ్ దగ్గర గంటలకొద్దీ ఆగిపోయిందని నేటి పిల్లలు వస్తారు. లోపలికి వెళ్లి చూస్తే కొన్నిసార్లు అదే ఎన్ఎఫ్ఎస్, అదే హార్డ్ మౌంట్. 2022లో ఆర్‌పీసీకి టీఎల్ఎస్ ప్రమాణం కూడా వచ్చింది. ఇక సర్టిఫికెట్ గడువునూ ఈ వరసలో చేర్చుకోవాలి. కమాండ్లు బట్టీ పట్టిస్తే ఇంటర్వ్యూ గట్టెక్కవచ్చు. ఏ కాలంలో ఏ పొర ఎందుకు చేరిందో చెబితే, మనం చెప్పని సమస్యను కూడా వాళ్లే విప్పుకుంటారు. కొత్త బ్యాచ్‌లకు చెప్పే మాస్టార్లను నేను కోరేది ఇదే: ఈ చరిత్రను సిలబస్ నుంచి తీసేయకండి.