గదిని కనిపెట్టుకుని ఉండే గింజ

జూలై 17 వస్తే ఏసీకి మరో ఏడు నిండుతుంది. 1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుయంత్రశాల కోసం విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు దాని నమూనా గీశాడు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ఒక రంగు మీద రెండో రంగు సరిగ్గా పడేది కాదు. అంటే ఆయన పోరు మొదట ఉక్కతోనే. కోనసీమ వాళ్లం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన దగ్గర అప్పట్లో చలువంటే మండువా లోగిలి, తాటాకు పందిరి, విసనకర్ర. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లితే మెట్ట ఊళ్లలో గది చల్లబడేది. గాలే తడిగా ఉండే రాజోలు, అమలాపురం వైపు ఆ నీరు ఆవిరయ్యేది తక్కువ, చలువా తక్కువే.

వేడిని గమనించి తనంతట తానే సర్దుకునే పరికరం ఏసీ కన్నా చాలా పాతది. 17వ శతాబ్దంలో కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగించే పొయ్యికి పాదరసంతో అలాంటిది అమర్చాడు. 1830లో ఆండ్రూ యూర్ రెండు లోహాల పట్టీతో పేటెంట్ తీసుకున్నాడు. అయితే ఈ చరిత్ర మొత్తంలో నాకు మనసుకు దగ్గరైనవారు వారెన్ జాన్సన్ అనే పంతులుగారు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే ఊళ్లో, ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పేవారాయన. అక్కడి చలికి గదులన్నీ కొలిమితో వెచ్చబెట్టాలి. బంట్రోతు మాటిమాటికీ తరగతిలోకొచ్చి, థర్మామీటరు చూసి, నేలమాళిగలోకి దిగి కొలిమి మూతలు సర్దేవాడు. వచ్చినప్పుడల్లా పాఠం తెగిపోయేది. జాన్సన్ రెండు లోహాలను ఒకదానికొకటి అతికించిన పట్టీని గదిలో పెట్టారు. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. దాంతో పట్టీ వంగుతుంది, కరెంటు పారుతుంది, కింద గంట మోగుతుంది. బంట్రోతు పైకి రానక్కర్లేదు, పాఠం ఆగనక్కర్లేదు. 1883లో పేటెంట్ వచ్చింది, 1885లో మిల్వాకీలో కంపెనీ పుట్టింది. పిల్లలకు పాఠం తెగకుండా చెప్పాలన్న తపనలోంచి వచ్చిందనే నాకు ఆ పట్టీ అంటే అంత ఇష్టం.

పాత కిటికీ ఏసీల్లో సన్నటి గొట్టంలోని వాయువు వేడికి ఉబ్బి స్విచ్చిని నొక్కేది. ఇప్పటి స్ప్లిట్ ఏసీలో ఆ పని థర్మిస్టర్‌ది. మెకానిక్కులు సెన్సార్ అంటారు. ముందు మూత ఎత్తి ఫిల్టర్ తీస్తే, గది గాలి లోపలికి పోయే దారిలో కనిపించే మిరియపు గింజంత నల్లటి బొట్టు అదే. చాలా రకాల్లో 25 డిగ్రీల దగ్గర దాని నిరోధం 10 వేల ఓమ్‌లు. ఐసునీళ్ల గ్లాసులో ముంచితే మీటరు 30 వేలు దాటుతుంది. ఆ మార్పును బట్టి బోర్డు కంప్రెసర్‌ను ఆపుతుంది, ఇన్వర్టర్ అయితే నెమ్మదిగా నడుపుతుంది. కాయిల్‌కు అంటుకుని ఉండే రెండో సెన్సార్, అక్కడ మంచు కట్టకుండా చూస్తుంది.

చిక్కంతా ఇక్కడే. మామూలు ఏసీల్లో ఈ రెండూ చూసేది వేడినే, తేమను కాదు. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ముందే 24 డిగ్రీలకు పెట్టి రావాలన్న నియమం 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కరెంటు పొదుపుకు అది మంచిదే. కానీ అనంతపురం పొడిగాలికీ, అంతర్వేది సముద్రపు గాలికీ ఒకటే అంకె! వాన పడ్డ రాత్రి గది చప్పున 24కి దిగుతుంది, కంప్రెసర్ ఆగుతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే తెస్తుంది. సెన్సార్ లెక్కకు పని అయిపోయింది, కొత్తపేటలో పడుకున్నవాళ్లకు ఒంటి జిడ్డు వదల్లేదు. అప్పుడు అంకె ఇంకా తగ్గించే బదులు, రిమోట్ మీద డ్రై మోడ్ నొక్కి చూడండి. ఫ్యాను నిదానిస్తుంది, గాలిలోని తేమ కాయిల్ మీద నీరై పైపులోంచి బయటికి పోతుంది.