పాలు తాగినా వంగిన ఎముకలు

బేసింగ్‌స్టోక్ 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హైదరాబాదు 17 మీద. అక్టోబరు నుంచి మార్చి ఆరంభం దాకా ఇక్కడ ఎండ కాసినా అది చాలా ఏటవాలుగా పడుతుంది. చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి చాలదు. మన ఇళ్ళలో మాత్రం బిడ్డకు కాల్షియం తక్కువైందన్న అనుమానం రాగానే పాలగ్లాసు పెద్దదవుతుంది, గోళ్ళమీద తెల్లమచ్చల లెక్క మొదలవుతుంది. (ఆ మచ్చలు చాలావరకు గోటికి తగిలిన చిన్న దెబ్బల గుర్తులే.)

రికెట్స్ పేరు 1634 నాటి లండన్ మరణాల పట్టికలోనే కనిపిస్తుంది. 1645లో డేనియల్ విస్లర్ లైడెన్‌లో దానిమీద సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ గ్రంథం వెలువడింది. వంగిన కాళ్ళనూ, ఉబ్బిన కీళ్ళనూ నాటి వైద్యులు చక్కగానే గుర్తించారు. కారణం తెలియడానికి మరో 270 ఏళ్ళు పట్టింది. 1919లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలే ఉంచి పాలు, ధాన్యం పెట్టి పెంచితే వాటికి రికెట్స్ వచ్చింది. కాడ్‌లివర్ నూనె ఇస్తే రాలేదు. అందులోని మహిమ విటమిన్ ఎ ది అని ఆయన భావించాడు. ఆ నూనెలో విటమిన్ ఎ ని నాశనం చేసినా రికెట్స్ నయమవుతుందని 1922లో మెకాలమ్ నిరూపించాడు. కొత్త పదార్థానికి 'డి' అక్షరం దక్కింది. పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోవాలంటే అది ఉండాలి.

యుద్ధకాలంలో బ్రిటన్ మార్జరిన్‌లో విటమిన్ డి కలిపించింది. రికెట్స్ చరిత్రలో కలిసిపోయిందనుకుంటుండగా, 1962లో గ్లాస్గోలోని పాకిస్తానీ కుటుంబాల్లో అది మళ్ళీ కనబడింది. చపాతీ పిండిలోనూ విటమిన్ కలపాలన్న ప్రతిపాదన వచ్చింది, అక్కడే ప్రయోగమూ జరిగింది; ప్రభుత్వం అంగీకరించలేదు. బదులుగా 1981లో 'స్టాప్ రికెట్స్' ప్రచారం మొదలైంది. మెజారిటీ ప్రజలకు వాళ్ళు తినే వస్తువులోనే మందు కలిపిన రాజ్యం, వలసవచ్చినవాళ్ళకు అలవాట్లు మార్చుకోమని చెప్పింది. ఈ తేడా యాదృచ్ఛికమని నేననుకోను.

ఎండకు కొదవలేని మన నేలమీద కాళ్ళ వంకర మరో దారిలో వచ్చింది. నల్లగొండ పల్లెల్లో మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్ళు వంగిన కౌమారుల గురించి 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి రాశారు. అక్కడ దోషి బావినీటిలోని ఫ్లోరైడ్. తిండిలో కాల్షియం కొరత దానికి తోడయింది.

కాలిని చూస్తే కారణం తెలియదు. రక్తంలో కాల్షియం చూసినా తెలియకపోవచ్చు: పారాథైరాయిడ్ హార్మోను ఎముకలనుంచి తీసి రక్తానికి సర్దేస్తుంది. అందుకే వైద్యులు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, మణికట్టు ఎక్స్‌రే కూడా చూస్తారు. రెండేళ్ళలోపు కాళ్ళు కొంచెం వంగి ఉండటం సహజమే. నడక ఆలస్యం, మెట్లెక్కలేకపోవడం, కాళ్ళనొప్పులు, మణికట్ల ఉబ్బు ఉంటే మాత్రం పరీక్ష అవసరం. పసిబిడ్డకు మూర్ఛ వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తంలో కాల్షియం పడిపోవడం దానికొక కారణం. తల్లిపాలు తాగే శిశువుకు రోజుకు 8.5 నుంచి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి, ఏడాది నుంచి నాలుగేళ్ళ దాకా 10 మైక్రోగ్రాములు ఇవ్వమని ఎన్‌హెచ్‌ఎస్ సలహా. దక్షిణాసియా మూలాలున్నవారు శీతాకాలంలోనే కాక ఏడాది పొడవునా తీసుకోవడం గురించి ఆలోచించమని అదే సంస్థ చెబుతుంది.