గొలుసుకట్టు పథకాలలో సభ్యత్వం: కనిపించని ఖర్చులు

(ప్రత్యేక వ్యాసం)

గొలుసుకట్టు వ్యాపారంగా వాడుకలో ఉన్న మల్టీ లెవెల్ మార్కెటింగ్ పథకంలో చేరదలచిన వ్యక్తికి తొలుత కనిపించే ఖర్చు సభ్యత్వ రుసుము ఒక్కటే. చేరిన పిదప నెలనెలా చేయవలసిన కొనుగోళ్లు, సమావేశాల ఖర్చులు, అప్పుపై వడ్డీ, వృథా అయ్యే కాలం, బంధుమిత్రుల మధ్య సన్నగిల్లే నమ్మకం, చట్టరీత్యా ఎదురయ్యే చిక్కులు మొదలైన వాటిని అతనికి ముందుగా ఎవరూ తెలియజేయరు. ఈ ఖర్చుల స్వరూపాన్ని, సంబంధిత చట్ట నిబంధనలను, రాష్ట్రంలో వెలుగుచూసిన ముఖ్యమైన కేసులను పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

నిరుద్యోగ యువతే లక్ష్యం

హైదరాబాద్ నగరంలోని దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణకు కేంద్రాలుగా పేరొందినవి. గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ వంటి పరీక్షలకు సిద్ధమగుటకు జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఇచ్చటి హాస్టళ్లలో, అద్దె గదులలో నివసిస్తూ, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకుంటారు. ఇంటి నుండి వచ్చే కొద్దిపాటి సొమ్ముతో కాలం గడుపుతూ, నోటిఫికేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూసే ఇటువంటి వారికి "చదువు మానవలసిన పని లేదు, రోజుకు రెండు గంటలు కేటాయిస్తే చాలు" అను మాట సహజంగానే ఆకర్షణీయంగా తోచుతుంది. ఆ మాట చెప్పేది అపరిచితుడు కాదు. సాధారణంగా అదే ఊరివాడో, గదిలో తోటివాడో, దూరపు బంధువో అయివుంటాడు. పథకం పెట్టుబడిగా వాడుకొనేది ఈ పరిచయాన్నే.

ఖర్చుల పద్దు

కింది లెక్క ఏ ఒక్క సంస్థకు సంబంధించినది కాదు. ఖర్చులు పేరుకొను తీరును వివరించుటకు ఇచ్చిన ఉదాహరణ మాత్రమే.

ఒక అభ్యర్థి నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి రూ.10,000 అప్పు తెచ్చి సభ్యునిగా చేరినాడనుకుందాం. కమీషన్ అర్హత నిలుపుకొనుటకు నెలకు రూ.2,000 విలువైన సరుకులు కొనవలెను. సమావేశాలకు, ప్రయాణాలకు నెలకు రూ.1,000, ఫోనుకు రూ.300 అగును. ఏడాది తిరిగేసరికి సభ్యత్వం రూ.10,000, సరుకులు రూ.24,000, సమావేశాలు, ప్రయాణాలు రూ.12,000, ఫోను రూ.3,600, వడ్డీ రూ.2,400 కలిపి మొత్తం రూ.52,000 ఖర్చగును. సరుకులలో సగం అమ్ముడుపోయి రూ.12,000 తిరిగి వచ్చినదనుకున్నా నికర వ్యయం రూ.40,000. రూ.10,000తో సరిపోవునని చేరిన పథకానికి నాలుగు రెట్లు చెల్లించినట్లయినది.

ఒక్కొక్క కొత్త సభ్యునిపై రూ.1,000 కమీషన్ లభించేటట్లయితే, లాభం మాట అటుంచి ఖర్చు రాబట్టుకొనుటకే 40 మందిని చేర్పించవలెను. ఆ 40 మంది తమ ఖర్చు రాబట్టుకొనుటకు 1,600 మంది, వారికి 64,000 మంది, వారికి 25,60,000 మంది కావలెను. ఐదవ అంచెకు అవసరమగు వారి సంఖ్య 10.24 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా సుమారు 8.46 కోట్లు మాత్రమే. చివరి అంచెలోని వారు, అనగా సభ్యులలో అత్యధికులు, ఎంత శ్రమించినా నష్టపోక తప్పదని దీనిని బట్టి స్పష్టమగుచున్నది.

ఈ పద్దుకెక్కని ఖర్చులు మరికొన్ని గలవు. అభ్యర్థి చదువుకోవలసిన గంటలు ఇతరులను ఒప్పించుటలో గడిచిపోవును. వయోపరిమితి దగ్గరపడుచున్న వానికి ఒక నోటిఫికేషన్ చేజారుట తిరిగి పూడ్చుకోలేని నష్టం. తాను చేర్పించిన చెల్లెలో, స్నేహితుడో నష్టపోయినపుడు ఆ సొమ్ముకు నైతికంగా తానే జవాబుదారీ కావలసివచ్చును.

ఈ పరిస్థితి ఇతర దేశాలలోనూ కలదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 70 కంపెనీల ఆదాయ ప్రకటనలను పరిశీలించి 2024 సెప్టెంబరులో నివేదిక వెలువరించినారు. సభ్యులలో అధికులకు ఏడాదికి వచ్చినది 1,000 డాలర్లు లేదా అంతకు తక్కువేనని, పెక్కు ప్రకటనలలో సభ్యులు పెట్టిన ఖర్చులను లెక్కలోకి తీసుకొనలేదని అందులో పేర్కొన్నారు.

చట్టం ఏమి చెబుతున్నది?

ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం, 1978లోని సెక్షన్ 3 ప్రకారం ఇటువంటి పథకాన్ని నడుపుటయే గాక, అందులో సభ్యునిగా చేరుట, పాల్గొనుట, ఆ నిమిత్తం సొమ్ము స్వీకరించుట లేదా పంపుట కూడా నిషిద్ధం. సెక్షన్ 4 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. సభ్యులకు తెలియని ఖర్చులలో ఇది ముఖ్యమైనది. ఇతరులను చేర్పించిన నాటి నుండి బాధితుడే నిందితుడు కూడా కాగల అవకాశం గలదు. నష్టపోయినవారు పోలీసులను ఆశ్రయించుటకు జంకుటకు ఇదొక కారణం. ఆ మౌనమే నిర్వాహకులకు రక్షణగా మారుచున్నది.

పాత్రికేయులు ప్రత్యేకంగా గమనించవలసినది సెక్షన్ 5. ఇటువంటి పథకాల ప్రోత్సాహానికై ప్రకటనలు ముద్రించుట, ప్రచురించుట సైతం రెండేళ్ల వరకు జైలు, రూ.3,000 వరకు జరిమానా విధించదగిన నేరం.

కేంద్ర ప్రభుత్వం 2016లో జారీ చేసిన ప్రత్యక్ష విక్రయ మార్గదర్శకాల ప్రకారం చట్టబద్ధమైన సంస్థ ప్రవేశ రుసుము వసూలు చేయరాదు, కొత్తవారిని చేర్చినందుకు ప్రతిఫలం ఇవ్వరాదు. 2021 డిసెంబరులో నోటిఫై చేసిన వినియోగదారుల పరిరక్షణ (ప్రత్యక్ష విక్రయ) నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించి, పర్యవేక్షణ యంత్రాంగం ఏర్పాటు బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించినవి.

రాష్ట్రంలో ముఖ్యమైన కేసులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీఐడీ పోలీసులు 2006లో ఆమ్‌వే ఇండియా సంస్థపై కేసు నమోదు చేసినారు. తమది చట్టబద్ధమైన వ్యాపారమని ఆ సంస్థ హైకోర్టును ఆశ్రయించగా, సదరు పథకం 1978 చట్టం పరిధిలోకి వచ్చునని 2007 జూలై 19న హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పు వెలువరించినది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆ సంస్థకు చెందిన రూ.757.77 కోట్ల ఆస్తులను జప్తు చేసినట్లు ప్రకటించినది.

2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ సంస్థ నిర్వాహకులను అరెస్టు చేసినారు. కంప్యూటర్ కోర్సుల పేరిట ఒక్కొక్క సభ్యుని నుండి రూ.16,821 వసూలు చేసినారన్నది పోలీసుల అభియోగం. సభ్యులలో విద్యార్థులు, నిరుద్యోగులు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు మరణించినారు. వారు నెట్‌వర్క్ మార్కెటింగ్‌తో ముడిపడిన కార్యాలయంలో పనిచేయుచున్నారని, పని కోసం లక్షకు పైగా చెల్లించినట్లు కుటుంబీకులు తెలిపినారని నాటి వార్తలలో వెల్లడైనది. ఉపాధి వెదుకుతూ జిల్లాల నుండి నగరానికి వచ్చినవారు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చినదో ఈ ఘటన గుర్తుచేయుచున్నది.

చేరకముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఒక్క కొత్త సభ్యుని కూడా చేర్చకుండా, సరుకులు అమ్మినంత మాత్రమున ఆదాయం వచ్చునా?
2. అదే వస్తువు బయటి దుకాణంలో ఎంతకు లభించుచున్నది?
3. నెలనెలా తప్పనిసరిగా కొనవలసినది ఎంత? అమ్ముడుపోని సరుకును తిరిగి తీసుకొందురా?
4. రాతపూర్వక ఒప్పందం, రశీదు, దేశంలో నమోదైన కార్యాలయం, ఫిర్యాదుల అధికారి వివరాలు కలవా?
5. చేరమని కోరుచున్న వ్యక్తి గత ఏడాది చేసిన ఖర్చెంత? చేతికి వచ్చినదెంత?

మొదటి ప్రశ్నకు "రాదు" అనునది సమాధానమైతే మిగిలినవి అడగవలసిన పనిలేదు.

ఫిర్యాదు చేయు విధానం

1978 చట్టం కింద నేరాలన్నీ కాగ్నిజబుల్ నేరాలైనందున సమీప పోలీస్ స్టేషన్‌లో నేరుగా ఫిర్యాదు చేయవచ్చును. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆన్‌లైన్ చెల్లింపుల ద్వారా మోసపోయినవారు వెంటనే 1930కు తెలియజేయవలెను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు. అయితే వివాద కారణం తలెత్తిన రెండేళ్లలోగా దాఖలు చేయవలెను. రశీదులు, బ్యాంకు లావాదేవీల వివరాలు, వాట్సాప్ సందేశాలు, సమావేశాల ఫోటోలు భద్రపరచుకొనుట అవసరం.

పోయిన సొమ్మును రాబట్టుకొనుటకు మరొకరిని చేర్పించుట పరిష్కారం కాదు. దానివలన నష్టం మరొక ఇంటికి చేరుట, చట్టపరమైన బాధ్యత పెరుగుట తప్ప ప్రయోజనం లేదు. తెలిసిన వెంటనే ఆగి ఫిర్యాదు చేయుటయే తక్కువ ఖర్చుతో బయటపడే మార్గమని హాస్టళ్లు, శిక్షణ కేంద్రాలు, గ్రంథాలయాలలోని యువతకు తెలియజేయుటలో పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు తమ వంతు కృషి చేయవలసి ఉన్నది.