మట్టి కింద సాక్షులు: ఖాళీ తూటాలు ఆదివాసీల మాటను ఎలా నిలబెట్టాయి



తిరుగుబాట్ల చరిత్ర చదివేటప్పుడు మనం తుపాకుల లెక్కే చూస్తాం. తూటాలు ఎక్కడినుంచి వచ్చాయి, అయిపోతే ఏం చేశారు అని అడగం. తుపాకీని గుంజుకోవచ్చు, పదేళ్లు వాడుకోవచ్చు. తూటా ఒక్కసారి పేలితే అయిపోయింది. మరి దాన్ని మళ్లీ నింపుకోగలిగితే? అమెరికా ఆదివాసీలు ఆ పని చేశారు. వాళ్ల కథ మనకూ పనికొస్తుంది కాబట్టి ఈసారి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు లకోటాలవేనని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం బయటపడింది. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా! కొండలు ఇవ్వమన్న లకోటాలు, షయెన్‌లు, అరాపహోల మీదికి సైన్యం కదిలింది. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ ఏటి దగ్గర కస్టర్ నాయకత్వంలోని ఏడో అశ్వికదళం వాళ్ల గూడేల మీద పడింది. కస్టర్‌తో వెళ్లిన సుమారు 210 మందిలో ఒక్కడూ బతకలేదు.

ఒక్కో సైనికుడి దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్, దానికి 100 తూటాలు, నడుముకి కోల్ట్ రివాల్వర్, దానికి 24 తూటాలు ఉండేవి. ఈ లోహపు తూటా ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటేనే మిగతా కథ అర్థమవుతుంది.

గొట్టం అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, దాని మీద మందు, మూతి దగ్గర సీసపు గుండు. గొట్టం మూతిని గుండు చుట్టూ లోపలికి నొక్కి బిగిస్తారు. దీన్నే క్రింపింగ్ అంటారు. రివాల్వర్‌కి ఇది ప్రాణం లాంటిది. ఒక తూటా పేలిన కుదుపుకి చక్రంలోని మిగతా తూటాల గుండ్లు ముందుకి జారతాయి. ఒక్కటి బయటికి పొడుచుకొచ్చినా చక్రం తిరగదు, ఆయుధం అక్కడే ఆగిపోతుంది. పట్టు గట్టిగా ఉంటే మందు కూడా బాగా రగులుకుంటుంది. లేకుంటే సగం కాలిన పలుకులు మిగిలిపోతాయి.

రెండోది మసి. అప్పట్లో వాడింది పాతకాలపు నల్లటి తుపాకీమందు. అది కాలినా సగానికి పైగా వాయువుగా మారదు. ఘనంగానే ఉండి కొంత తెల్లటి పొగలో పోతుంది, మిగతాది గొట్టానికీ తుపాకీకీ పట్టేస్తుంది. ఆ మసి గాలిలోని తేమని పీల్చుకుంటుంది, లోహాన్ని తింటుంది. రివాల్వర్ చక్రం ఇరుసు దగ్గర చేరితే బిగుసుకుపోతుంది. ఖాళీ గొట్టాన్ని మళ్లీ వాడాలంటే ముందు ఆ మసి వదిలించాల్సిందే.

అప్పటి సైన్యం తూటాలు రాగివి. ప్రైమర్ లోపల దాగి ఉండేది, అది కదలకుండా గొట్టాన్ని అడుగు దగ్గర బయటినుంచి నొక్కేవాళ్లు. అంటే ఒకసారి పేల్చి పారేయడానికే చేసిన సరుకు. మళ్లీ నింపడం అయ్యే పని కాదని తయారుచేసినవాళ్ల నమ్మకం. మైదానాల ఆదివాసీలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. పాతరకం తుపాకులకు వాడే చిన్న క్యాప్‌ని గొట్టం అడుగున బిగించి, మందు పోసి, సీసం కరిగించి గుండు పెట్టుకున్నారు. ఒకే గొట్టాన్ని ఎన్నోసార్లు వాడారు. ఈ సంగతి రాసింది వాళ్లమీద యుద్ధం చేసిన సైన్యంలోని అధికారే. రిచర్డ్ ఇర్వింగ్ డాడ్జ్ అని, 1882లో అచ్చైన పుస్తకంలో రాశాడు.

కస్టర్ ఓడిన కొద్ది వారాలకే, 1876 ఆగస్టులో, ఆ ప్రాంతంలో తిరగబడ్డ ఆదివాసీలకు లోహపు తూటాలు అందకుండా ఆపేందుకు అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసింది. తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా తూటా దారి మూసేస్తే చాలని పాలకులకి బాగా తెలుసు. ఖాళీ గొట్టాలు ఏరుకుని నింపుకోవడం ఎంత పెద్ద విషయమో ఇక్కడ అర్థమవుతుంది.

ఇక అసలు సంగతికొద్దాం. కస్టర్ మనుషులు వరస తప్పకుండా, చివరి తూటా దాకా నిలబడి పోరాడారని వందేళ్లపాటు బొమ్మలు గీశారు, సినిమాలు తీశారు. యుద్ధం చేసిన లకోటాలు, షయెన్‌లు వేరేగా చెప్పారు. సైనికులు కొంతసేపు నిలబడ్డారని, తర్వాత వరస చెదిరి గుంపులుగా పరుగెత్తారని. లకోటా నాయకుడు గాల్ 1886లో, పదేళ్లు నిండిన సందర్భంగా, అదే నేల మీద నిలబడి యుద్ధం ఎలా నడిచిందో చెప్పాడు. అయినా చాలామంది చరిత్రకారులు అవి ఒకదానికొకటి పొసగని మాటలని పక్కన పెట్టేశారు.

1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడి నేల బయటపడింది. 1984, 1985లో రిచర్డ్ ఫాక్స్, డగ్లస్ స్కాట్ బృందం మెటల్ డిటెక్టర్లతో వెదికింది. దొరికిన ప్రతి గొట్టాన్నీ, గుండునీ ఉన్నచోటే గుర్తుపెట్టి ఎత్తారు. తుపాకీ మేకు గొట్టం అడుగున కొట్టిన గుర్తు ఒక్కో తుపాకీకి ఒక్కోలా ఉంటుంది, మన వేలిముద్రలాగే. ఆ గుర్తుల్ని పట్టుకుని ఒకే తుపాకీ మైదానంలో ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో గీత గీశారు. ఆదివాసీల చేతుల్లో నలభైకి పైగా రకాల తుపాకులున్నట్టు తేలింది. హెన్రీ, వించెస్టర్ లాంటి వరసగా పేలే తుపాకులు కూడా అందులో ఉన్నాయి. సైనికుల గొట్టాలు మాత్రం ఒక్కచోటే వరసగా కనబడి, అక్కడినుంచి చెదిరిపోయాయి. కొండమీద చివరిదాకా పోరాడారన్న చోట దొరికినవి కొద్దే. సైనికుల వరస చెదిరిపోయిందని ఫాక్స్ 1993లో పుస్తకమే రాశాడు. ఆదివాసీలు వందేళ్లుగా చెబుతున్నది అదే.

మన మన్యం సంగతి చూద్దాం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, తోటి వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లమీద వరసగా దాడి చేసి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు తీసుకెళ్లారు. తుపాకులు కొన్నే, తూటాలు వేలల్లో. ఆ లెక్కని మనం చదివి వదిలేస్తాం గానీ, తూటా ఎంత విలువైందో వాళ్లకి తెలుసని అందులోనే ఉంది.

అయితే ఆ పోరాటం గురించి మనకి దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం పోలీసులు, కలెక్టర్లు రాసినవే. మన ఊళ్లలో ముసలివాళ్ల నోట ఇంకో కథ ఉంది. ఫలానా గట్టు దగ్గర కాల్పులు జరిగాయని, ఫలానా వాగు దాటారని. అది కాగితంలో లేదు కాబట్టి అబద్ధం అనుకోకూడదు. లకోటాల మాటకి మట్టి సాక్ష్యం చెప్పడానికి 108 ఏళ్లు పట్టింది.

అందుకే రెండు మాటలు. తాతలు, అవ్వలు చెప్పేది ఊరి పేరు, గట్టు పేరుతో సహా ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుందాం. కొండల్లో పాత తూటా కనబడితే చేత్తో తీయొద్దు. పేలనిదైతే ప్రాణం పోతుంది. ఖాళీదైనా, ఉన్నచోటు నుంచి కదిపితే దాని కథలో సగం అక్కడే పోతుంది. చోటు ఫొటో తీసి, పెద్దలకీ అధికారులకీ చెబుదాం.